కీమో జాగ్రత్తలు ఏఐని అడిగి పెద్దవాళ్లకు చెప్పొచ్చా? మా అమ్మ విషయంలో జరిగింది

మీ ప్రశ్న చదివాను. నర్సంపేటలో ఉన్న మీ నాన్నకు డెబ్బై దాటాయి, పెద్దపేగు క్యాన్సర్, వచ్చే వారం కీమో మొదలు. డాక్టరు చెప్పింది సగమే అర్థమైంది కాబట్టి ఫోన్‌లో ఏఐని అడిగి ఆయనకు తెలుగులో చెప్పొచ్చా అన్నారు.

చెప్పొచ్చు. ఫోన్ మాత్రం ఆయన చేతికిచ్చి మీరు పక్కకు వెళ్లిపోకండి. నేను డాక్టర్ని కాదు, హనుమకొండలో జిరాక్స్ షాపు నడుపుతాను. మా అమ్మకు ఇదే జబ్బు వస్తే ఆరు నెలలు ఈ పనే చేశాను, తప్పులు కూడా చేశాను.

అమ్మకు అప్పుడు 68 ఏళ్లు. హసన్‌పర్తి దగ్గర ఊరు, చదువు రాదు. 2024 వేసవిలో ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకోసారి హైదరాబాద్‌లో ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించేవాళ్లు, మధ్యలో ఇంటి దగ్గర క్యాపెసిటబిన్ అనే కీమో గోలీలు. మొత్తం ఎనిమిది విడతలు. పొద్దున కాజీపేటలో రైలెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రయ్యేది. డాక్టరు గారు ఓపికగానే చెప్పేవారు కానీ, బయట అంతమంది కూర్చుని ఉంటే మాకు దొరికేది ఐదు నిమిషాలు. చేతికిచ్చిన కాగితమేమో ఇంగ్లీషులో.

అన్నిటికన్నా ముందు, మీ నాన్నకు తన జబ్బు పేరు తెలుసో లేదో తేల్చుకోండి. మేం అమ్మకు ‘పేగుల గడ్డ’ అని చెప్పి ఉంచాం. మొదటిరోజు నేను ఆ కాగితం ఏఐకి చూపించి స్పీకర్ పెట్టాను. అది నోరు తెరవడమే ‘మీ పెద్దపేగు క్యాన్సర్ చికిత్సలో’ అని మొదలుపెట్టింది. నేను గబుక్కున ఫోన్ మీద చెయ్యి పెట్టాను. అమ్మ నా చెయ్యి తీసేసింది. “ఆపకు, చెప్పనియ్యి. నాకు ఎరుక లేదా ఏంది? ఆ దవాఖానల అందరు గుండ్లతోనే ఉన్నరు” అంది. మాకు అలా సులువుగా గడిచిపోయింది. అందరింట్లో అలా కాకపోవచ్చు. ముందు మీరొక్కరే విని, ఆ తర్వాత మీ గొంతుతో చెప్పండి. ఎలాగూ ఆ యాప్ మాట్లాడేది టీవీ వార్తల తెలుగు, అమ్మకు అందులో సగం ఎక్కేది కాదు.

ఇక మజ్జిగ సంగతి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్ని రోజులు చల్లదనం తగిలితే వేళ్లు జివ్వుమంటాయి, గొంతు పట్టేసినట్టు ఉంటుంది. ఏఐ దాన్ని ‘చల్లని పదార్థాలకు, పానీయాలకు దూరంగా ఉండాలి’ అని తెలుగులో రాసిచ్చింది. తప్పేం లేదు. నేను చదివి వినిపించాను, అమ్మ తలూపింది. మూడోరోజు మా ఆవిడ వచ్చి, అత్తమ్మ సల్ల (మజ్జిగ) ముట్టడం లేదు, దోసకాయ కూర కూడా వద్దంటోంది అని చెప్పింది. వెళ్లి అడిగితే, “సల్లటియి తినొద్దంటివి గద బిడ్డా, సల్ల సలువ చెయ్యదా?” అంది. అదే మనిషి కుండ నీళ్లు మాత్రం చెంబులకు చెంబులు తాగుతోంది! ఫ్రిజ్ నీళ్లు కావు కదా అని ఆమె ధీమా. వేళ్లు జివ్వుమంటుంటే రోగమే అనుకుని ఊరుకుంది.

మన ఇళ్లలో చల్లటివి అంటే ఒంటికి చలువ చేసేవి. డాక్టరు చెప్పింది చేతికి తగిలే చల్లదనం గురించి. ఈ తేడా ఏఐకి తట్టలేదు, నాకూ తట్టలేదు. ‘తినే వస్తువు గుణం కాదు, తాకితే చల్లగా ఉందా లేదా అన్నదే లెక్క’ అని రాసి మళ్లీ అడిగితే, అప్పుడు సరిగ్గా చెప్పింది. మజ్జిగ బయట పెట్టినది తాగొచ్చు, కుండ నీళ్లు వద్దు, ఫ్రిజ్ తలుపు తియ్యొద్దు. నర్సుకు ఫోన్ చేసి అడిగితే ఆమే సరే అంది. ఆ రోజు నుంచి ఏది చెప్పినా “ఇప్పుడు నువ్వు నాకు చెప్పవే అమ్మా” అని ఆమె నోటితో తిరిగి చెప్పించుకునేవాణ్ని. తలూపితే అర్థమైనట్టు కాదు.

రెండో తప్పు ఇంకా భయం. క్యాపెసిటబిన్ గోలీల చేతిరాత చీటీ ఫొటో తీసి ఏఐకి పెడితే, ‘ఉదయం మూడు, రాత్రి మూడు, ప్రతిరోజూ’ అని రాసిచ్చింది. 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలన్న ముక్క ఎగిరిపోయింది. మెడికల్ షాపులో ఇచ్చినవి 84 గోలీలు. రోజుకు ఆరు లెక్కన 14 రోజులకే సరిపోతాయి, మరి మిగతా వారం ఏంటి అని అనుమానం వచ్చి చీటీ మళ్లీ చూశాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మోతాదు విషయం ఏఐని అడగడం మానేశాను. ఫార్మసిస్టుతో చెప్పించుకుని, గోడ క్యాలెండర్ మీద వేసుకునే రోజులకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాణ్ని. ఆరోగ్యశ్రీ గురించీ అంతే. తెలంగాణలో ఆ పథకం కింద వైద్యం ఖర్చు పరిమితిని 2023 డిసెంబర్‌లోనే 10 లక్షలకు పెంచితే, ఏఐ పాత 5 లక్షల లెక్కే చెప్పింది. ఇలాంటివి ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

ఇన్ని తిప్పలున్నా ఎందుకు వాడాను అంటారా? డాక్టరుకు మా మాట చేరవేయడానికి. మూడు వారాల్లో అమ్మ అన్నవన్నీ ఫోన్‌లో చెప్పి, ఒక్క నిమిషంలో చదివేలా ఇంగ్లీషులో రాయమనేవాణ్ని. ఆరో విడతకు ముందు అందులో ‘రవిక హుక్కులు పెట్టుకోవడం రావట్లేదు, కోడలు పెడుతోంది’ అన్న మాట ఉంది. అమ్మ అయితే సిగ్గుతో ఆ మాట ఎప్పటికీ చెప్పేది కాదు. డాక్టరు అది చదవగానే ఆగి, వేళ్లు పట్టి చూసి, ఇది మందు వల్లే అని మోతాదు తగ్గించారు. కాగితం పెట్టేటప్పుడు పేరు, ఆధార్ నంబరు, కార్డు నంబరు ఉన్నచోట వేలు అడ్డం పెట్టి ఫొటో తియ్యండి.

చుట్టాలు ఆకుపసరులు, రసాలు చెబుతారు. ‘ఇది తాగితే తగ్గుతుందట కదా’ అని అడిగితే ఏఐ కూడా మీ వైపే మొగ్గుతుంది. ‘క్యాపెసిటబిన్‌తో ఇది పడుతుందా, డాక్టర్ని ఏమడగాలి’ అని అడగండి.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, మోషన్లు మామూలుకన్నా రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా ఏఐ జోలికి పోకండి, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. నర్సంపేట నుంచి అర్ధరాత్రి హైదరాబాద్ పోలేరు కదా, అలాంటప్పుడు వరంగల్‌లో ఎక్కడికి తీసుకెళ్లాలో మొదటిరోజే డాక్టర్ని అడిగి రాసి పెట్టుకోండి.

మీ నాన్నకు ఇచ్చే మందుల పేర్లు ఇక్కడ రాయండి. అందులో ఆక్సాలిప్లాటిన్ లేకపోతే నేను చెప్పిన కుండ నీళ్ల గొడవ మీకు ఉండదు, ఉత్తపుణ్యానికి ఆయనతో ఎండాకాలంలో వేడినీళ్లు తాగించకండి.