పాఠశాలలో శ్రీసభ చరిత్ర: కష్టమైన పుటలూ చెప్పాలా?

ప్రశ్న: నల్లగొండ జిల్లాలోని ఒక కతోలిక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతికి వారానికొక పీరియడు శ్రీసభ (కతోలిక క్రైస్తవ సంఘం) చరిత్ర చెప్పమని యాజమాన్యం కోరింది. తరగతిలో సగానికి పైగా హిందూ, ముస్లిం పిల్లలే. గోవా ఇంక్విజిషన్ (శ్రీసభ మతవిచారణ న్యాయస్థానం), గలీలియో విచారణ, కులవివక్ష వంటివి చెబితే పిల్లల విశ్వాసం దెబ్బతింటుందని కొందరు సహోపాధ్యాయులు వారిస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: దాచకుండా చెప్పండమ్మా. అయితే ముందుగా సత్యోపదేశాన్నీ (క్రైస్తవ మతబోధనూ) చరిత్రనూ వేరు చేయండి. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు హాజరుపరచరాదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. అందువల్ల మీ పీరియడు జపంతో మొదలుకాకూడదు, పరీక్షలో ఎవరి నమ్మకాన్నీ అడగకూడదు.

గోవాలో 1560లో మొదలైన ఇంక్విజిషన్, నడుమ కొన్నేళ్లు ఆగినా, 1812 దాకా సాగింది. మతం మారినవారు పాత ఆచారాలను చాటుగా పాటిస్తున్నారన్న అనుమానంతో ఎందరినో శిక్షించింది. పిల్లలు దీన్ని ఎలాగూ ఫోనులో చూస్తారు. కోపంతో సగమే చెప్పేవారి నోట వినేకంటే మీ నోట వినడం మేలు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న గలీలియోను 1633లో దోషిగా తేల్చిన తీరులో పొరపాటు జరిగిందని 1992లో పోపు రెండవ జాన్ పాల్ ఒప్పుకున్నారు. ఈ రెండు సంవత్సరాలనూ ఒకే రోజు చెప్పండి.

కులం సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ బాధ మీ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. శ్రీసభలోనూ అంటరానితనం ఉందని భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2016 నాటి విధానపత్రంలో అంగీకరించింది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు 2022లో కార్డినల్ (పోపు తరువాతి ఉన్నత హోదా) అయ్యారు. ఆ హోదా పొందిన తొలి దళితుడు ఆయనే. అన్ని శతాబ్దాలు ఎందుకు పట్టిందని ఏ పిల్లవాడైనా అడిగితే, ఆ ప్రశ్నను కసురుకోకండి.

చివరగా, పాఠాన్ని రోములో మొదలుపెట్టకండి. ఇటలీలోని మిలాన్ మిషనరీలు నిజాం రాజ్యానికి 1855లో వచ్చారు. మీ నల్లగొండ మేత్రాసనం (బిషప్పు పరిధిలోని ప్రాంతం) 1976లో ఏర్పడింది. విచారణ గురువుగారి (స్థానిక చర్చి ఫాదరుగారి) అనుమతితో పాత జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకంలోని ఒక పుటను, పేర్లు మూసి, తరగతికి చూపండి. పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, ఊరు, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానానికి పూచీగా నిలిచినవారు), గురువు సంతకం అందులో వరుసగా కనిపిస్తాయి. ఒకే రోజున ఒకే ఊరివి చాలా పేర్లుంటే, ఆ ఏడు అక్కడేం జరిగిందని పిల్లలే అడుగుతారు. కరువా, వెట్టి నుంచి బయటపడాలన్న ఆరాటమా, ఉపదేశి (ఊళ్లో మతబోధ చేసేవారు) మాటల మీద నమ్మకమా, బడి మీద ఆశా అన్నది పుస్తకం చెప్పదు. ఊరి పెద్దలను అడిగి రాసుకురమ్మని పిల్లలను పంపండి, హిందూ ముస్లిం ఇళ్ల పెద్దలనూ అడగమనండి.