మూడు గుంపులు చాలవు, ఏడాదికో గది కట్టండి

"వెన్సిమ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మా జిల్లాలో ముసలివాళ్ల వాటా ఎలా పెరుగుతుందో చూపాలి. 0–14, 15–59, 60 పైన అని మూడు వయసు గుంపులు పెడితే చాలదా?" అని అడిగారు. చాలదు. నేనూ ఎంటెక్‌లో అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాను.

మాది దివిసీమ. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నమూనాని పరీక్షిద్దామని, చావులూ పుట్టుకలూ ఆపేసి, 1000 మంది పసిపిల్లల్ని మొదటి గదిలో వేసి నడిపాను (నమూనాలో ఒక్కో వయసు గుంపు ఒక్కో గది). మొదటిది పదిహేనేళ్ల గుంపు, రెండోది నలభై ఐదేళ్లది కాబట్టి, మొదటి గదిలోంచి ఏటా పదిహేనో వంతు, రెండో గదిలోంచి నలభై ఐదో వంతు ముందుకు జరగాలి. రెండో ఏడాదికే 60 దాటిన గదిలో 1.48 మంది అని పడింది. ఐదో ఏడాదికి 13 దాటింది. అమ్మ అంగన్‌వాడీ టీచరు. వెనకాల నిలబడి చూసి, "రెండేళ్ల పిల్లకి వృద్ధాప్య పింఛనేంటే?" అంది.

గదిలో ఎవరు ఎప్పుడొచ్చారో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. నిన్న పుట్టినవాడూ పద్నాలుగేళ్లవాడూ దానికి ఒకటే. అందుకే పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ వెయ్యిమందిలో 355 మంది పిల్లలుగానే మిగిలారు! అమ్మ తన రిజిస్టరు తెచ్చి చూపించింది. "బడీడు వచ్చినవాళ్ల పేర్లు జూన్‌లో ఒక్కసారే తీసేస్తాం. పదిహేనో వంతు పంపడమేంటి?"

ఆ రాత్రే 0 నుంచి 79 దాకా ఏడాదికో గది, చివర 80 పైన ఒకటి పెట్టాను. వెన్సిమ్‌లో 'షిఫ్ట్ ఇఫ్ ట్రూ' అనే ఫంక్షన్ ఏడాది చివర అందర్నీ ఒకేసారి పక్క గదిలోకి జరుపుతుంది. స్టెల్లా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే, వచ్చినవాళ్లని గడువు నిండాకే బయటికి పంపే కన్వేయర్ ఉంది. ముందు ఏ వయసు చావుల్ని ఆ వయసులోంచే తీసేసి, తర్వాత జరపండి. చివరి గదికి చావు తప్ప దారి ఉండకూడదు.

ఇక జనాభా లెక్కల సంగతి. 2021లో జరగాల్సినవి జరగలేదు, 2011వే దిక్కు. వాటిలో వయసులన్నీ 30, 35, 60, 65 దగ్గర గుట్టలు పడి ఉంటాయి. మా నాయనమ్మని వయసడిగితే "ఉప్పెనప్పటికి మీ నాన్న చంకబిడ్డ" అంటుంది. ఆ 1977 నుంచి లెక్కగట్టే ఓపిక లేక, వచ్చినాయన అరవై అని రాసుకుపోతాడు. ఆ గుట్టల్ని సర్దకుండా గదుల్లో నింపకండి.

అసలు నేను చెప్పాలనుకున్నది వలస గురించి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర సంతాన రేటు (ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు) 1.7 అని, ముసలివాళ్ల వాటా పెరగడానికి అందరూ దాని మీదే పడతారు. మా వీధి ముసలిదైంది మాత్రం చదువులయ్యాక పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లిపోవడం వల్లే. 15–59 అని ఒకే గది పెడితే, వాళ్లతోపాటు పొలంలో ఉన్న యాభై ఏళ్ల బాబాయినీ పంపేస్తారు. నేను 21 నుంచి 28 దాకా ఉన్న గదులకే బయటికి దారి పెట్టాను. సంతాన రేటు ముట్టుకోలేదు. అయినా ముసలివాళ్ల వాటా పైకి లేచింది, కొన్నేళ్లకి పసిపిల్లల గదులూ పలచబడ్డాయి. వెళ్లినవాళ్ల పిల్లలు అక్కడే పుడతారు కదా. అమ్మ రిజిస్టర్లో ఈ ఏడు కొత్త పేర్లు ఒక పేజీ కూడా నిండలేదు.