ఊరి దారి పక్కన చిల్లకంపకు ఏ యంత్రం?

మెయిన్ రోడ్డు నుంచి మీ ఊరికి వచ్చే మూడు కిలోమీటర్ల దారిని రెండు వైపులా చిల్లకంప (సర్కారు తుమ్మ) కమ్మేసిందని, చందాలు పోగుచేసి గడ్డి, పొదలు కోసే చేతి యంత్రం బ్రష్ కట్టర్ కొనాలా, జేసీబీని పిలవాలా అని అడిగారు. మాది పామూరు వైపు. ఐదేళ్లుగా మా ఊరి దారి బాగుచేసే పనిలో ఉన్నాను, చేసి చూసిందే చెబుతున్నాను.

ముందు దారి వెంట ఒకసారి నడిచి మొదళ్లు చూడండి. గడ్డి, వయ్యారిభామ, వేలు లావు కంప ఉన్నచోటు వేరు. మణికట్టును మించి లావెక్కిన చిల్లచెట్లు ఉన్నచోటు వేరు. రెండింటికీ ఒకే యంత్రం కుదరదు.

మొదటి ఏడాది మేము ఆ తేడా చూడలేదు. దుకాణంలో చెప్పారని వీపున తగిలించుకునే రకం బ్రష్ కట్టర్ తెచ్చాం. పొలం గట్ల మీద గడ్డికి అది చక్కగా పనిచేస్తుంది. కంపలోకి దిగితే మాత్రం మధ్యలో వంగే గొట్టం వల్ల బ్లేడు మీద చేతికి పట్టు చిక్కలేదు. తర్వాత భుజానికి బెల్టుతో వేలాడే, సైకిల్ హ్యాండిల్ లాంటి రెండు పిడులున్న రకానికి మారాం. కంపకు ఇదే సరైనది. నైలాన్ దారం గడ్డికే పనికొస్తుంది. వేలు లావు కొమ్మకు మూడు రెక్కల బ్లేడు, అంతకు మించితే గుండ్రటి రంపం బ్లేడు బిగించాలి. టూ స్ట్రోక్ ఇంజను అయితే పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో దానితో వచ్చిన పుస్తకంలో చూసి అంతే కలపండి. నిష్పత్తి 40:1 అని ఉంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు.

అసలు కష్టం కోసిన తర్వాత మొదలైంది. నేలకు జానెడు ఎత్తున కోసి వదిలేశాం. వానలు పడగానే ఒక్కో మోడు నుంచి గుత్తులుగా పిలకలు లేచి, దారి మునుపటికంటే ఇరుకైంది. చిల్లచెట్టుకు కాండం, వేరు కలిసే చోట మట్టి లోపల మొగ్గలు దాగి ఉంటాయి. ఆ భాగంతో సహా జానెడు లోతున తీస్తేనే చెట్టు చస్తుంది. పెద్ద మొదళ్లకు జేసీబీ కావాలని చెప్పేది అందుకే. కొనేది చిన్న యంత్రం, బాడుగకు పిలిచేది పెద్ద యంత్రం, ఇదే నా సలహా.

జేసీబీ వచ్చేముందు పంచాయతీతోనూ, రోడ్డు ఏ శాఖదైతే ఆ శాఖ వారితోనూ మాట్లాడి, మంచినీళ్ల పైపు, కేబుళ్లు ఎక్కడున్నాయో సున్నంతో గీత గీయించండి. మేము గీయించలేదు. బకెట్ పళ్లు తగిలి పైపు పగిలింది, రెండు రోజులు ఊరికి నీళ్లు లేవు. ఆ రెండు రోజులు బిందెలతో తిరిగిన ఆడవాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. పైపు పక్కనున్న మొదళ్లను పలుగు, పారలతోనే తవ్వించండి. తీసిన గుంతలు పూడ్చి గట్టిగా తొక్కించకపోతే తరువాతి వానకు రోడ్డు అంచు కోసుకుపోతుంది.

ట్రాక్టరు వెనుక తగిలించే స్లాషర్ గురించి కూడా అడిగారు. చదునైన మార్జిన్‌లో గడ్డికి బాగుంటుంది. మన దారుల్లో రాళ్లు, కల్వర్టు గోడలు ఎక్కువ, పైగా చిల్లముళ్లకు టైర్లు నిలవవు. నేనైతే వద్దంటాను.

బొగ్గు బట్టీల వాళ్లు కర్ర కోసం ఊరికే కొట్టి పట్టుకుపోతామంటారు. ఒప్పుకోవచ్చు, కానీ వాళ్లు మోడు వదిలేస్తారు. మోళ్లు పెకిలించే పని ఎవరిదో ముందే తేల్చుకోండి.

మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. జనవరిలో నేల ఇంకా మెత్తగా ఉంటుంది, వేళ్లు తేలిగ్గా వస్తాయి. ఎండాకాలం దాకా ఆగితే నేల రాయిలా బిగుస్తుంది.

బ్రష్ కట్టర్ పట్టే మనిషికి కళ్లద్దాలు, ముఖానికి జాలీ, గట్టి బూట్లు తప్పనిసరి. చెప్పులతో కంపలోకి ఎవరినీ దించకండి. బ్లేడు తిరుగుతున్నప్పుడు 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. కోసిన కంపను చేత్తో కాక పంగల కర్రతో లాగించండి.

ఒక్కసారితో అయిపోతుందని అనుకోకండి. మేకలు, గొర్రెలు చిల్లకాయలు తిని విత్తనాలను పెంటికలతో దారి పొడవునా చల్లుతాయి. వాన తర్వాత మొలిచే మొక్కలను తడి నేలలో వేరుతో సహా పీకేయవచ్చు. మేము ఏటా జనవరిలో ముందు మొక్కలు పీకి, మిగిలిన గడ్డిని బ్రష్ కట్టర్‌తో కొడుతున్నాం. జేసీబీని మళ్లీ పిలవలేదు.