సెమినరీ ముగించుకొని విశాఖలో సంఘ సేవకు వస్తున్న కుటుంబం ముందుగా ఏమి మాట్లాడుకోవాలి?

సెమినరీలో బీ.డీ. (దైవశాస్త్ర పట్టా) చివరి సంవత్సరంలో ఉన్నానని, భార్యతోను మూడేళ్ల పాపతోను విశాఖపట్నంలోని ఒక స్వతంత్ర సంఘానికి (ఏ పెద్ద మిషన్ కిందా లేని చర్చికి) కాపరిగా, అంటే పాస్టరుగా వెళ్తున్నానని, కుటుంబంగా ఎలా సిద్ధపడాలని ఒక సోదరుడు అడిగారు. ప్రసంగాల గురించి, ప్రార్థన జీవితం గురించి చెప్పగలిగినవారు చాలామంది ఉన్నారు కనుక ఆ సంగతి వారికే వదిలేస్తున్నాను. మా వారు హైదరాబాదులో సెమినరీ చదివినంత కాలం మ్యారీడ్ క్వార్టర్స్‌లో ఉండి, ఆ తరువాత గాజువాక వైపు ఒక సంఘానికి వచ్చినదానిగా నేను చెప్పేది ఒక్కటే: సామాను లారీకి ఎక్కించక ముందే, మీ భార్య ఏ పని చేస్తారో, ఏ పని చేయరో సంఘ పెద్దల ఎదుట, ఆమె సమక్షంలోనే మాట్లాడి వ్రాయించుకోండి.

పిలుపు ఖాయం చేసే ముందు మా వారిని ఒక ఆదివారం వాక్యం చెప్పడానికి రమ్మన్నారు. ఆరాధన, భోజనాలు అయ్యాక పెద్దలు ఆయనను లోపలి గదిలో కూర్చోబెట్టారు. నేను బాబును ఎవరికో అప్పగించి, వెనుక వరండాలో స్త్రీలతో కలిసి గిన్నెలు కడుగుతున్నాను. కాసేపటికి ఆయన బయటికి వచ్చి, జీతం, ఇల్లు కుదిరాయని, సండే స్కూలు, గురువారం పగటిపూట జరిగే స్త్రీల ఉపవాస ప్రార్థన, ఆసుపత్రిలో ఉన్నవారి పరామర్శ అమ్మగారే, అంటే కాపరి భార్యనైన నేనే, చూసుకుంటారని తీర్మానమైందని చెప్పారు. ఆ అమ్మగారు బీ.ఎడ్. చదివి, బడిలో పాఠాలు చెప్పిన జీతంతోనే ఆ నాలుగేళ్లూ ఇల్లు నడిపిందన్న సంగతి లోపల ఎవరూ అడగలేదు. చేతులు తుడుచుకుని వెళ్లి, కూర్చోవచ్చునా అని అడిగి, సండే స్కూలు సంతోషంగా నడుపుతానని, ఉద్యోగం మాత్రం మాననని, స్త్రీల కూడిక సాయంకాలానికి మారిస్తే వస్తానని చెప్పాను. "అమ్మగారు ఉద్యోగానికి వెళ్తే ఇంటికొచ్చిన విశ్వాసులకు మంచినీళ్లు ఎవరిస్తారండీ?" అన్నారు ఒకాయన. అప్పటిదాకా నోరు విప్పని మరొక పెద్దాయన, స్టీల్ ప్లాంటులో రిటైరైనవారు, "ప్లాంటులో ఒకరికి మస్టరు వేసి ఇద్దరి చేత పని చేయిస్తే యూనియన్ ఊరుకుంటుందా? ఇక్కడ మనం చేస్తున్నది అదే కదా" అనేసరికి అందరూ నవ్వారు. నవ్విన తరువాత కాదనడం కష్టం. నేను చెప్పినదంతా మినిట్స్ పుస్తకంలో వ్రాసి సంతకాలు చేశారు. కమిటీ మారి, కొత్త కార్యదర్శి గారు అదే ప్రశ్న మళ్లీ తెచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూపితే సరిపోయింది.

సెమినరీలో ఇది ఎందుకు నేర్పరో నాకు అర్థం కాదు. కాపరి ముందు తన ఇంటిని చక్కగా ఏలుకోవాలని చెప్పే మొదటి తిమోతి 3వ అధ్యాయాన్ని మా వారు గ్రీకులో చదివి మంచి మార్కులు తెచ్చుకున్నారు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నానికి వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారని, 1810 ముగిసేలోగా ఇద్దరూ కన్నుమూశారని సంఘ చరిత్ర పేపరులో వ్రాశారు. పిల్లల ఫీజు గురించి, భార్య ఉద్యోగం గురించి సంఘంతో ఎలా మాట్లాడాలో మాత్రం ఒక్క గంట పాఠం లేదు. జీతం మాట ఎత్తగానే తల దించుకునే అలవాటు మన సేవకులకు అక్కడే పడుతుందని నా గట్టి నమ్మకం. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాలలో నియామకాలు, బదిలీలు పై నుంచి వస్తాయి. స్వతంత్ర సంఘంలో మీకు దిక్కు ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారే.

మీరు వెళ్లేది గాజువాక, ఉక్కునగరం వైపైతే విశ్వాసుల్లో చాలామంది షిఫ్టుల్లో ఉంటారు కనుక ఏ వేళనైనా తలుపు తడతారు. పాప నిద్రవేళలను కూడా ముందే చెప్పుకోవడంలో తప్పు లేదు. మందిరం ఆవరణలోనే ఇల్లు ఇస్తామంటే, ముందు గదిలో సండే స్కూలు బెంచీలు, మైకు సెట్లు ఉంచుతారేమో కనుక్కోండి. తాళం చెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో కూడా అడగండి, ఎందుకంటే మా ఇంటి తాళం చెవి ఒకటి చాలాకాలం గాయక బృందం వారి దగ్గర ఉండేది.