రీలోడ్ చేసిన .308 తూటా ఛాంబర్‌లోకి పోవట్లేదా? బోల్ట్ మీద బలం చూపించొద్దు

మీరు అడిగింది ఇది కదా: టెక్సాస్‌లో ఉంటారు, గ్యారేజీలో సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒక్కోసారి ఒక్క పనే చేసే చేతి యంత్రం) మీద మొదటిసారి ఓ 50 .308 విన్‌చెస్టర్ తూటాలు నింపుకున్నారు, అంటే పేల్చేసిన ఇత్తడి కేస్‌లలో (తొడుగుల్లో) దెబ్బకి నిప్పు పుట్టించే ప్రైమర్, మందు, బుల్లెట్ మళ్ళీ పెట్టుకున్నారు, పది పన్నెండింటికి రైఫిల్‌ని వెనక మూసే బోల్ట్ హ్యాండిల్ కిందికి దిగట్లేదు, దిగినవాటిల్లో రెండు టక్‌మన్నాయి గానీ పేలలేదు, మళ్ళీ కొడితే పేలాయి. ఇవి రెండు వేరు వేరు సమస్యలండి, కలిపి ఆలోచిస్తే తల పోటే మిగులుతుంది.

ముందు ఆ మిగిలినవాటిని రైఫిల్‌లో పెట్టి బలవంతంగా మూయకండి. ఇంట్లో అయితే మందు ఉన్న తూటాని ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) దగ్గరికే తీసుకెళ్ళొద్దు, కేస్ గేజ్ అని చిన్న ఉక్కు గొట్టం దొరుకుతుంది, అందులో వేసి చూసుకోవాలి.

నాకూ మొదట్లో అచ్చం ఇదే జరిగింది. సైజింగ్ డై (పేలి ఉబ్బిన కేస్‌ని మళ్ళీ కొలతకి నొక్కే అచ్చు) సరిగ్గా దిగలేదేమో అనుకుని రెండు రోజులు దాన్నే తిప్పుతూ కూర్చున్నా. మా రేంజ్‌లో ఒక పెద్దాయన చూసి, ఎక్కడ పట్టేస్తోందో తెలీకుండా డై తిప్పితే ఏం లాభం, మార్కర్ పూసి చూడు అన్నాడు. ప్రైమర్ లేకుండా, మందు లేకుండా, అదే సెట్టింగ్ మీద ఒక ఉత్త తూటా చేసి దానికి నిండా నల్ల మార్కర్ పూసి, ఫైరింగ్ పిన్ తీసేసిన బోల్ట్‌తో మెల్లిగా లోపలికి నెట్టి బయటికి తీశా. బుల్లెట్ మీద నలుపు అలాగే ఉంది, మెడ మీదా ఉంది, షోల్డర్ కింద, అంటే సీసా భుజం ఒంట్లో కలిసే మలుపు ఉంటుంది చూడండి, అక్కడ మాత్రం చుట్టూ సన్నటి ఉంగరంలా ఇత్తడి మెరుస్తోంది. గోరుతో రాస్తే కనపడీ కనపడని ఉబ్బు తగిలింది.

ఆ ఉబ్బు ఎందుకొచ్చిందంటే, .308 కేస్ పొడవు ఎక్కువలో ఎక్కువ 2.015 ఇంచ్ ఉండాలి, ట్రిమ్ చేసేది, అంటే మూతి కత్తిరించేది 2.005కి. నేను ట్రిమ్ చేయడం బద్ధకించి వదిలేశా, కాలిపర్ పెట్టి చూస్తే కొన్ని 2.021 దాకా ఉన్నాయి. సీటింగ్ డై (బుల్లెట్‌ని కేస్‌లో కూర్చోబెట్టే అచ్చు) లోపల క్రింప్ చేసే, అంటే కేస్ మూతిని బుల్లెట్ చుట్టూ నొక్కి బిగించే చిన్న అంచు ఒకటి ఉంటుంది, నేను డైని ఒక పొట్టి కేస్ పెట్టి సెట్ చేశా, పొడుగు కేస్ వచ్చేసరికి దాని మూతి ఆ అంచుకి ముందే తగిలి ఆగిపోయింది, కింద నుంచి రామ్ (కేస్‌ని పైకెత్తే ప్రెస్ కడ్డీ) ఇంకా నెడుతోంది, ఎటూ పోలేక షోల్డర్ కుంగి పక్కకి ఉబ్బింది. కాబట్టి అన్ని కేస్‌లూ ఒకే పొడవుకి ట్రిమ్ చేయండి, ఖాళీ కేస్‌తో రామ్ పైకెత్తి డైని మూతికి తగిలేదాకా దించి, అక్కడినుంచి పూర్తిగా ఒక చుట్టు వెనక్కి విప్పి లాక్ రింగ్ బిగించండి, బుల్లెట్ లోతు మాత్రం డై పైనున్న స్టెమ్‌తోనే (బుల్లెట్‌ని నొక్కే మర కడ్డీతోనే) సరిచేసుకోండి. బోల్ట్ రైఫిల్‌కి మామూలుగా క్రింప్ అవసరం లేదు.

మీది కూడా ఇదేనా కాదా తేల్చడానికి, సైజ్ చేసి ట్రిమ్ చేసిన ఖాళీ కేస్‌ని ఛాంబర్‌లో వేయండి. అది హాయిగా పోయి బుల్లెట్ పెట్టాక పోకపోతే తప్పు సీటింగ్‌లో ఉంది, ఖాళీదే పోకపోతే సైజింగ్‌లో ఉంది. సైజింగ్ అయితే డైని కొంచెం కొంచెంగా దించుతూ షోల్డర్ 0.002 ఇంచ్ వెనక్కి జరిగితే ఆపేయండి. ఇంకా నొక్కితే తూటా పేల్చిన ప్రతిసారీ కేస్ సాగి సాగి, అడుగుకి కాస్త పైన పల్చబడి చివరికి తెగుతుంది. పేపర్ క్లిప్ కొన వంచి లోపల గీస్తూ చూడండి, గాడిలా తగిలితే ఆ కేస్ పారేయాల్సిందే.

ఇక రెండోసారి కొడితే పేలిన సంగతి. అది చాలావరకు ప్రైమర్ అడుక్కి దిగకపోవడం, మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోయింది, రెండోదానికి అంటుకుంది. మిలిటరీ బ్రాస్ అయితే ప్రైమర్ గుంట చుట్టూ నొక్కి ఉంచిన అంచు (దీన్నీ క్రింప్ అనే అంటారు) తీయకుండా కొత్తది సరిగ్గా కూర్చోదు. వేలితో రాస్తే ప్రైమర్ కేస్ అడుగు కంటే కొంచెం లోపలికే తగలాలి, 0.003 నుంచి 0.005 ఇంచ్. ఎత్తుగా ఉంది కదా అని నిండు తూటాలో ప్రైమర్‌ని మళ్ళీ నొక్కకండి, దయచేసి. బుల్లెట్ పుల్లర్‌తో విప్పి మందు తీసేశాకే ఏదైనా. ఇంకోటి, టక్‌మని పేలకపోతే తుపాకి గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. చప్పుడు తుస్సుమన్నట్టు వస్తే తర్వాతది పేల్చొద్దు, అన్‌లోడ్ చేసి గొట్టంలో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడాలి.

మందు ఎన్ని గ్రెయిన్లు (మందు తూచే చిన్న కొలత) వేయాలి అని కూడా అడిగారు. అది నేను చెప్పను, మీ బుల్లెట్‌కీ మీ పౌడర్‌కీ రీలోడింగ్ మాన్యువల్‌లో ఉన్న స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టాల్సిన మందు తూకం) నుంచే ఎక్కుతూ రండి. తూకం వేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, ఏసీ గాలి తగిలినా స్కేల్ అంకె ఊగుతుంది.

బ్రాస్ మెరవాలని అమ్మోనియా ఉన్న పాలిష్ వాడకండి. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వర్షాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి దానంతటదే పగిలిపోయేది, గుర్రాల మూత్రంలోని అమ్మోనియా వల్లని 1921లో తేల్చారు. సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు చాలు, అమ్మమ్మ చింతపండుతో బిందె తోమినట్టే. ఆ నీళ్ళలో సీసం ఉంటుంది, పిల్లలకీ వంటగదికీ దూరంగా చేయండి.

ఇది చదివే మిగతావాళ్ళకి కూడా ఒక మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉంటే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం ప్రకారం తూటా దగ్గర ఉండటమే నేరం. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ఉంది, దానికంటూ లైసెన్స్ లేకుండా ఇంట్లో తూటాలు చేయకూడదు.

మీరు మాత్రం ఆ పదీ పన్నెండూ ముందు విప్పేయండి, కేస్‌ల పొడవు కొలిచి, నేను చేసినట్టే ఉత్త తూటా చేసి దాని మీద మార్కర్ ఎక్కడ చెరిగిందో నాకు చెప్పండి.