33 ల్యాండ్లతో కమాండరా?

ప్రశ్న: నలుగురం కలిసి మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ (ఒక్కొక్కరూ 100 కార్డుల డెక్‌తో ఆడే పద్ధతి) ఆడతాం. నాది ఎరుపు, ఆకుపచ్చ డెక్. మానా, అంటే కార్డులు వేయడానికి కావాల్సిన శక్తి, ఇచ్చే ల్యాండ్ కార్డులు 33 ఉన్నాయి. చేతి నిండా పెద్ద క్రీచర్లే (పోరాడే ప్రాణుల కార్డులు), దించడానికి మానా ఉండదు. 3 డ్యామేజ్ చేసే లైట్నింగ్ బోల్ట్ కార్డు వేసినా ఎవరికీ చీమ కుట్టినట్టు ఉండదు. ఏవి తీయాలి, ఏవి పెట్టాలి?

జవాబు: నా మొదటి డెక్కూ ఇంతే. ఏడేసి మానా అడిగే క్రీచర్లను కుక్కేసి, ఆరో టర్న్ దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేవాణ్ణి.

100 కార్డుల్లో ల్యాండ్లు 37 చేయండి. ఖరీదైన క్రీచర్లు నాలుగు పోవాల్సిందే, బాధైనా సరే. ఆకుపచ్చ ఉంది కాబట్టి డెక్‌లోంచి ల్యాండ్లు తెచ్చిపెట్టే ర్యాంపెంట్ గ్రోత్, కల్టివేట్ లాంటి కార్డులు పది దాకా పెట్టుకోండి.

ఇక బోల్ట్. ఇద్దరి ఆటలో, ఎదుటివాడి 20 లైఫ్‌లో 3 పోతే దెబ్బే. ఇక్కడ ఎదుటివాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరికి 40 లైఫ్. మొత్తం 120లో 3 ఏ మూలకు? దాని చోట బ్లాస్ఫెమస్ యాక్ట్ పెట్టండి. అసలు ఖర్చు 9 మానా, కానీ బల్ల మీద ఎన్ని క్రీచర్లుంటే అంత తగ్గుతుంది. నలుగురి ఆటలో చాలాసార్లు ఒక్క ఎర్ర మానాకే నేను వేశాను. ప్రతి క్రీచర్‌కీ 13 డ్యామేజ్. మీవీ పోతాయి లెండి, అందుకే మీరు వెనకబడ్డప్పుడే వేయండి.

ల్యాండ్లు సరిచేశాక మిగతావి ఒకేసారి మార్చకండి. మూడు ఆటలాడి, చేతిలో ఊరికే మిగిలిపోయిన కార్డు పేరు రాసుకోండి. రెండుసార్లు అదే పేరొస్తే తీసేయండి.