ఏకే-203, సిగ్ 716 రైఫిళ్లు రెండూ 7.62 మిల్లీమీటర్లవే కదా, వాటి తూటాలు కూడా ఒకటేనా?

కావు, మన సైన్యం వాడుతున్న ఈ రెండింటిలో ఏకే-203 తూటా 7.62×39, సిగ్ 716 తూటా 7.62×51 కాబట్టి ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు.

మొదటి అంకె గుండు వ్యాసాన్ని, అదీ సుమారుగా మాత్రమే, తెలుపుతుంది. రెండోది మందు నింపే తొడుగు పొడవు. అసలు తేడా ఈ రెండో అంకెలోనే ఉంది. చిన్న తూటా దాదాపు 8 గ్రాముల గుండును సెకనుకు సుమారు 715 మీటర్ల వేగంతో వదిలితే, ఎక్కువ మందు పట్టే పెద్ద తూటా దాదాపు 9.5 గ్రాముల గుండును సుమారు 840 మీటర్ల వేగంతో పంపుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 2,000 జౌళ్ల నుంచి 3,300 జౌళ్లకు చేరుతుంది. అందుకు తగ్గట్టే తూటా బరువు, తుపాకీ వెనక్కి తన్నే బలం కూడా పెరుగుతాయి. పక్కపక్కన పెడితే ఆకారంలోనూ తేడా కనిపిస్తుంది: 39 తూటా తొడుగు అడుగు నుంచి పైకి బాగా సన్నబడుతూ వస్తుంది, ఏకే మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) అంతగా వంగి ఉండడానికి కారణం అదే.

గుండు లావుగా ఉంటే ఎక్కువ దూరం సూటిగా పోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మన సైన్యపు మరో రైఫిల్ ఇన్సాస్‌లో వాడే 5.56×45 గుండు బరువు 4 గ్రాములే అయినా దాని వేగం సెకనుకు 900 మీటర్లకు పైనే, అందువల్ల 300 మీటర్ల దూరంలో అది 7.62×39 గుండు కంటే తక్కువగా కిందికి జారుతుంది.